అత్తయ్య ఫోన్‌కి వచ్చిన డ్యూటీ

మా అత్తయ్య సూరమ్మ పోయాక కూడా ఆవిడ ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టడం మా మావయ్య మానలేదు. రెండు వేల పన్నెండు వేసవి సంగతి ఇది. మోవా అనే పేటలో మా ఇల్లు రెండు గదులూ ఒక వంటిల్లూ. ముందు గదిలో గూట్లో, దేవుడి పటాల పక్కన ఆ చిన్న నల్ల ఫోన్ ఉండేది. దానికి ఎవరూ చెయ్యరు, దాన్నుంచి మేమూ ఎవరికీ చెయ్యం. అయినా పొద్దున్నే స్నానం చేసి విభూతి పెట్టుకున్నాక మావయ్య చేసే రెండో పని దానికి ఛార్జర్ తగిలించడం. "ఇప్పుడెందుకు మావయ్యా అది" అన్నానొకసారి. "ఉండనీ అమ్మీ. పాడవలేదు కదేటి" అన్నాడు.

మావయ్య పేరు పరదేశి. శ్రీకాకుళం జిల్లా నుంచి కుర్రతనంలోనే రైల్వే పనికి వచ్చి, బిలాస్‌పూర్ లైన్లో గేట్‌మేన్‌గా రిటైరయ్యాడు. బజారుకెళ్తే అచ్చం ఛత్తీస్‌గఢీ వాడిలా బేరమాడతాడు, ఇంట్లో మాత్రం ఊరి తెలుగే. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ పొద్దస్తమానం కీచులాడుకునేవాళ్ళు. ఆవిడ పోయాక తనని తిట్టేవాళ్ళు లేక ఆయన నోరు మూతపడిపోయింది. గడ్డం పెరిగింది. అన్నం కెలికి లేచిపోయేవాడు. మా ఆయన గిరిధర్ "నాన్నా, తిన్నావా" అని అడిగితే "ఆఁ" అనేవాడు. నిజంగా తిన్నాడో లేదో నేను వెనకనుంచి కళ్ళతో చెప్పాలి. ఈయన కూడా ఆవిడ వెనకే వెళ్ళిపోతాడేమోనని మా ఇద్దరికీ భయంగా ఉండేది. పైకి అనుకునే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు.

నేనూ గిరిధర్ శంకర్ నగర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. ఆస్పత్రులకీ, స్కూళ్ళకీ, రైస్ మిల్లులకీ సర్వర్లు నడిపిపెట్టే చిన్న కంపెనీ అది. ఒక్కో సర్వర్నీ చేత్తో సర్దుకునే రోజులు పోయి, ఏ సర్వర్ ఎలా ఉండాలో ఫైళ్ళలో రాసిపెడితే అదే అలా తయారయ్యే పద్ధతి వచ్చింది. ఆ ఫైళ్ళు రాయడమే మా పని. సర్వర్‌కి ఏదైనా జబ్బు చేస్తే డ్యూటీలో ఉన్నవాళ్ళ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. మెసేజ్ చివర రెండంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు తిరిగి పంపితే 'విన్నాను, నేను చూసుకుంటాను' అని అర్థం. పంపకపోతే మెసేజ్ ఇంకొకరికి వెళ్తుంది, వాళ్ళూ పలక్కపోతే మా మేనేజర్ ఉమేష్‌కి వెళ్తుంది. ఒక్కసారి నంబరు పంపారా, ఇంక అది ఎవరి గుమ్మమూ తొక్కదు.

ఈ మెసేజ్‌లు సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూసుకోవడానికి గిరిధర్ ఒక పరీక్ష ఫైలు రాశాడు. అందులో డ్యూటీ నంబరు అన్నచోట అత్తయ్య నంబరు పెట్టాడు. ఎవరూ వాడని ఫోన్ కదా, ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. బయట వడగాలి తలుపులు కొడుతోంది. ముగ్గురం కూలర్ ముందు చతికిలబడి ఉన్నాం. గూట్లో ఫోన్ కుయ్యిమంది. అత్తయ్య పోయాక అది మోగడం అదే మొదలు. మావయ్య ఒక్క ఉదుటున లేచి, ఫోన్ రెండు చేతుల్తో తీసుకుని, కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. ఇంగ్లీషు చదవలేడు గానీ అంకెలు చదవగలడు.

"ఒరే గిరీ! దీంట్లో ప్రైవేటు నంబరొచ్చినాదిరా!"

రైల్వేలో అదొక పద్ధతి. బండి వస్తోందని స్టేషన్ నుంచి గేటుకి ఫోన్ వస్తుంది. గేట్‌మేన్ గేటు వేసి, తాళం పెట్టి, అప్పుడు ఫోన్లో రెండంకెల నంబరు చెప్పాలి. దాన్నే ప్రైవేటు నంబరంటారు. ఆ నంబరు చెప్పాడంటే గేటు వేసినట్టే. అది వినందే బండికి సిగ్నల్ ఇవ్వరు. సర్వీసంతా మావయ్య అలా నంబర్లిచ్చి బతికినవాడు.

"ఇది తిరిగియ్యాలేటి?" అన్నాడు.

"ఇస్తే ఇవ్వు నాన్నా. ఊరికే పరీక్షకి వచ్చింది" అన్నాడు గిరిధర్ నవ్వుతూ.

మావయ్య బొటనవేలితో ఒక్కో అంకే గట్టిగా నొక్కి పంపాడు. వెంటనే అటునుంచి ఓకే అని వచ్చింది. ఆ రెండక్షరాలు ఆయనకి వచ్చు.

"ఓకే అన్నాడు అమ్మీ!" అని నా వైపు ఫోన్ తిప్పి చూపించాడు. మొహం నిండా నవ్వు. అంతలోనే ఏదో సందేహం వచ్చి ఆగాడు. "అది సరే గానీ గిరీ, గేటెయ్యకుండా నంబరిచ్చేత్తే ఎలగరా?"

"గేటు మేం వేస్తాం నాన్నా. నువ్వు నంబరిస్తే చాలు."

ఆ రాత్రి మావయ్య మారు వడ్డించుకున్నాడు. మర్నాడు ఆ పరీక్ష ఫైలు తీసేయాల్సి ఉంది. "ఉండనిద్దాం భావనా, కొన్నాళ్ళు" అన్నాడు గిరిధర్. తండ్రి కంచం వంక చూసి అన్నాడా మాట. నాకూ కాదనబుద్ధి కాలేదు.

ఇంక చూడాలి మావయ్య సంబరం. మర్నాడే గడ్డం గీసుకున్నాడు. పెట్టెలోంచి పాత ఖాకీ చొక్కా తీసి ఇస్త్రీ చేయించాడు. ఫోన్ జేబులో పెట్టి, జారిపోకుండా పిన్నీసు గుచ్చాడు. కూరలకి వెళ్ళినా, గుడికి వెళ్ళినా అది గుండె మీదే. ఫోన్ కుయ్యిమంటే బెండకాయల బేరం సగంలో ఆపేసి నంబరు పంపేవాడు. కూరగాయలావిడ ఏమిటని అడిగితే "డ్యూటీ హై" అని చెప్పేవాడట. నేను టీవీ శబ్దం కాస్త పెంచితే, "తగ్గించమ్మీ, ఫోనొత్తే ఇనబడదు" అని కసిరేవాడు. కసిరించుకోవడం నాకెంత సంతోషంగా ఉండేదో.

ఆ రోజుల్లోనే మా ఫైళ్ళు నడిపించే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి మారాం. దానికోసం ఫైళ్ళ వరసలు అటూ ఇటూ సర్దారు. ఆ తర్వాత విచిత్రంగా ఆఫీసు ఫోన్లకి మెసేజ్‌లు రావడం ఆగిపోయింది. కొత్త వెర్షన్ భలే ఉందని ఉమేష్ అందరికీ సమోసాలు తెప్పించాడు. మేం కూడా హాయిగా తిన్నాం. ఇంట్లో మాత్రం మావయ్యకి తీరిక ఉండేది కాదు. "రద్దీ పెరిగినాదమ్మీ, సెలవల సీజను కదా" అనేవాడు. గిరిధర్ ఇంకా పరీక్షలు చేస్తున్నాడనుకున్నాను నేను. పరీక్ష ఫైలే దానంతట అది పంపుకుంటోందనుకున్నాడు గిరిధర్.

ఆరంగ్ వెళ్ళే దారిలో ఒక ఆస్పత్రి ఉంది. కిడ్నీ జబ్బువాళ్ళకి రక్తం శుభ్రం చేసే చోటు. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరికి ఏ మందు ఎంత, అన్నీ మేం నడిపే సర్వర్లోనే ఉంటాయి. మే నెల చివర్లో, నడినెత్తిన ఎండ ఉన్న వేళ, ఆ సర్వర్లో చోటు పూర్తిగా నిండిపోయి మొత్తం ఆగిపోయింది. ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చెయ్యడంతో ఉమేష్ పరిగెత్తుకొచ్చాడు. గిరిధర్నీ నన్నూ జీపెక్కించాడు.

మేం వెళ్ళేసరికి ఆస్పత్రి ముందు రేకుల పందిరి చాలక జనం ఎండలోనే కూర్చుని ఉన్నారు. పల్లెల నుంచి తెల్లారే బయల్దేరి వచ్చినవాళ్ళు. సర్వర్ నుంచి వంతు కాగితం రాకుండా లోపల మిషన్ మీదికి ఎక్కించరు. ఒకామె కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టక చేత్తో పట్టుకుని నిలబడింది. మేం లోపలికి వెళ్తుండగా ఆమె మా ఎదురుగానే గోడవారన కూలిపోయింది. కొడుకులు ఎత్తుకుని లోపలికి పరిగెత్తారు. గిరిధర్ సర్వర్ గదిలోకి వెళ్ళాడు. సాయంత్రానికి అంతా మళ్ళీ నడిచింది. ఆమె ప్రాణానికి ఏం కాలేదని విన్నాకే తిరిగి జీపెక్కాం.

అంత నిండుతుంటే మెసేజ్ ఎందుకు రాలేదో చూడమని ఉమేష్ నాకు చెప్పాడు. చూశాను. మెసేజ్‌లు వెళ్ళాయి. రోజుల తరబడి వెళ్తూనే ఉన్నాయి. ప్రతిదానికీ జవాబు కూడా వచ్చింది. ఏ ఫోన్ నుంచి వచ్చిందో చూశాను. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు, పెళ్ళయిన కొత్తలో రోజూ మధ్యాహ్నం అత్తయ్యకి చేసిన నంబరు.

తప్పు ఎక్కడుందో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మెసేజ్‌లు పంపే ఫైలుకి సొంతంగా డ్యూటీ నంబరంటూ లేదు. తనని ఏ ఫైలు పిలిస్తే ఆ ఫైలులో ఉన్న నంబరు తీసుకుంటుంది. ఇద్దరు పిలిస్తే ముందు పిలిచినవాళ్ళది తీసుకుంటుంది. ఇన్నాళ్ళూ ఆస్పత్రి ఫైలు ముందు పిలిచేది, అందులో ఆఫీసు నంబరుంది. వరసలు సర్దినప్పుడు గిరిధర్ పరీక్ష ఫైలు ముందుకొచ్చింది. ఆ ఫైలు గడప దాటకూడని నంబరు, గడప దాటి అన్ని సర్వర్లకీ డ్యూటీ నంబరై కూర్చుంది. ఇలా పిలిచే ఫైలుని నమ్ముకుని రాయకండని సాఫ్ట్‌వేర్ రోజూ పసుపురంగు అక్షరాల్లో మొత్తుకుంటూనే ఉంది. రోజూ మొత్తుకునేదాని మాట ఎవరు వింటారు?

గిరిధర్‌కి చూపించాను. "నాన్నకి చెప్పకు" అన్నాడు. అదొక్కటే మాట.

మర్నాడు ఉమేష్ గదికి మా ఇద్దర్నీ పిలిచారు. ఆస్పత్రి తరఫున ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఉమేష్ చెడ్డవాడు కాదు. హిందీలో నెమ్మదిగానే మాట్లాడాడు.

"నంబరు తప్పు పడింది, గిరిధర్ భాయ్. సరే, అలాంటి తప్పు నేనూ చేస్తాను. దానికి వీళ్ళకి నేను జవాబు చెప్పుకుంటాను. కానీ ఆ ఫోన్ నుంచి నంబర్లు తిరిగి పంపింది ఎవరు? చూసుకుంటానని చెప్పి చూడనివాడు ఎవడు? వీళ్ళకి ఆ మనిషి కావాలి."

గిరిధర్ నా వైపు చూడలేదు. "మైనే భేజా" అన్నాడు. నేనే పంపాను.

ఆ గదిలో ఇంకేం జరగలేదు. ఉమేష్ పెన్ను మూత పెట్టేశాడు. ఆస్పత్రి పెద్దమనుషుల్లో ఒకాయన మంచినీళ్ళు అడిగాడు.

ఇంటికొచ్చాక వంటింట్లో నేను గిరిధర్‌ని వదల్లేదు. "నువ్వు పంపలేదని చెప్పు. మీ నాన్న తెలియక పంపాడని చెప్పు. ఉమేష్ అర్థం చేసుకుంటాడు, ఉద్యోగమైనా మిగులుతుంది" అన్నాను. కోపంలో గొంతు పెరిగింది.

"ఆయన్ని తీసుకెళ్ళి వాళ్ళ ముందు నిలబెట్టమంటావా?" అన్నాడు. "నా గేటు దగ్గర ఒక్క మేక కూడా చావలేదని చెప్పుకుంటాడు భావనా. అమ్మ పోయాక ఆయనకి మిగిలింది ఆ మాటే. నా చేత్తో ఎలా లాక్కోను?"

గిరిధర్ ఉద్యోగం పోయింది. తర్వాత ఆ ఫైలు సరిచేసింది నేనే. మెసేజ్‌లు పంపే ఫైలుకి దాని డ్యూటీ నంబరు దాంట్లోనే రాశాను, ఎవరు పిలిచినా మారకుండా. పరీక్ష ఫైలు తీసేశాను. చాలా చిన్న పని. ఆ చిన్న పనితో ఇంట్లో ఫోన్ మూగబోయింది.

మావయ్య రెండు రోజులు ఓపిక పట్టాడు. ఫోన్ కిటికీ దగ్గర పెట్టి చూశాడు, డాబా మీదికి తీసుకెళ్ళి చూశాడు. "లైను తెగినాదేటి, సూడమ్మీ" అని నాకిచ్చాడు. బాగానే ఉందన్నాను.

"ఆ డ్యూటీ వేరేవాళ్ళకి ఇచ్చారు నాన్నా" అన్నాడు గిరిధర్.

"మరి నువ్వేటి ఇంటికాడున్నావు?"

"సెలవు."

మావయ్య తలూపి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పుతుంటే, ఆఫీసు అద్దాల తలుపవతల ఖాకీ చొక్కా కనిపించింది. అంత ఎండలో మోవా నుంచి ఒక్కడే వచ్చాడు. ఫోన్ చేతి రుమాల్లో చుట్టి పట్టుకున్నాడు. నేను లేచి వెళ్ళేలోపే ఉమేష్ గదిలోకి వెళ్ళిపోయాడు. వెనకే వెళ్ళి గుమ్మంలో ఆగిపోయాను.

"రండి చాచాజీ, కూర్చోండి" అన్నాడు ఉమేష్. మావయ్య కూర్చోలేదు. రుమాలు విప్పి ఫోన్ బల్ల మీద పెట్టాడు. చేతులు పక్కకి దించి నిటారుగా నిలబడ్డాడు. రైల్వేలో ఎంక్వయిరీకి అలాగే నిలబడతారు.

"సాహెబ్, నంబర్లిచ్చింది నా కొడుకు కాదు. నేను" అన్నాడు ఛత్తీస్‌గఢీలో. "నంబరిచ్చినవాడే జవాబుదారీ. ఏ శిక్ష వేసినా నాకు వెయ్యండి. వాణ్ణి పనిలోకి తీసుకోండి."

ఉమేష్ ఫోన్ వంకా, గుమ్మంలో ఉన్న నా వంకా చూశాడు. లేచి వచ్చి మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. "చాచాజీ, గిరిధర్ తనే చేశానని సంతకం పెట్టేశాడు. ఆస్పత్రి వాళ్ళు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయారు. అతని పనిలోకి వేరే మనిషిని కూడా తీసుకున్నాం. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

మావయ్య తలూపాడు. "ఆ కూలబడ్డ తల్లి బతికిందా?" అని అడిగాడు.

"బతికింది. బాగానే ఉంది."

అది విన్నాక ఫోన్ తీసి మళ్ళీ రుమాల్లో చుట్టుకున్నాడు.

సెలవు పెట్టి ఆయన్ని ఆటోలో తీసుకొచ్చాను. "మీకెవరు చెప్పారు మావయ్యా?" అన్నాను.

"మీరే సెప్పినారు. మొన్నరాత్రి వంటింట్లో ఆ ఆస్పత్రి సంగతెత్తి అంతేసి గొంతులతో కొట్టుకుంతే ఇనబడదేటి? నాకు సెవుడొచ్చినాదనుకున్నారు గావాల."

దారిలో రైల్వే గేటు పడి ఉంది. ఆటో ఆగింది. గేటు పక్క గదిలో గేట్‌మేన్ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఏదో చెబుతున్నాడు. మావయ్య ఆటోలోంచి మెడ సాచి వాణ్ణే చూశాడు. బొగ్గు బండి దడదడలాడుతూ పోయింది. దుమ్ము అణిగాక, గేటు లేచాక, నెమ్మదిగా అన్నాడు: "నానొచ్చినట్టు గిరిగాడికి సెప్పకమ్మీ. ఆడు నాకోసం ఒక మాటన్నాడు. ఆడి మాట అలగే ఉండనీ."

నేను సరేనన్నాను. సరేనని, అందరూ చూస్తుండగానే ఆటోలో కూర్చుని ఏడ్చాను. తండ్రికి తెలియకూడదని కొడుకూ, తెలిసిందని కొడుక్కి తెలియకూడదని తండ్రీ. ఇద్దరికీ మధ్య అన్నం వడ్డించేది నేను.

జూన్లో వానలు మొదలయ్యాయి. మావయ్య గడ్డం మళ్ళీ పెరిగింది. ఖాకీ చొక్కా పెట్టెలోకి వెళ్ళిపోయింది. అన్నం మళ్ళీ కెలకడమే. ఫోన్‌కి ఛార్జింగ్ మాత్రం రోజూ పెడుతూనే ఉన్నాడు. గిరిధర్ ఉద్యోగాల కోసం తిరిగి వచ్చి, తండ్రి కంచం చూసి, తన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఒక సాయంత్రం జోరున వాన. నేను టీ పెడుతున్నాను. గిరిధర్ వంటింటి గుమ్మం చాటున నిలబడి తన ఫోన్లో ఏదో నొక్కుతున్నాడు. ముందు గదిలో అత్తయ్య ఫోన్ కుయ్యిమంది. నేను తిరిగి గిరిధర్ వంక చూశాను. మాట్లాడొద్దని వేలు పెదవుల మీద పెట్టాడు. మొహంలో ఆశ. ఇంగ్లీషులో ఏవో నాలుగు మాటలు రాసి, చివర రెండంకెలు పెట్టి తనే పంపాడు.

మావయ్య మంచం మీంచి లేచాడు. ఫోన్ తీసి కిటికీ వెలుగులో చూశాడు. బొటనవేలు బటన్ల మీద పెట్టాడు. నొక్కలేదు.

"గిరీ."

"ఏంటి నాన్నా?"

"నంబరొచ్చినాదిరా."

"ఇవ్వు మరి నాన్నా" అన్నాడు గిరిధర్, లేని హుషారు తెచ్చుకుని.

"గేటేదిరా?" అన్నాడు మావయ్య.

గిరిధర్ నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. అప్పుడు అర్థమైంది అతనికి. తండ్రికి ఎంత తెలిసిందో, ఎన్నాళ్ళ నుంచి తెలుసో అంతా అర్థమైంది. గుమ్మంలోనే కింద కూర్చుండిపోయాడు.

మావయ్య వచ్చి కొడుకు తల మీద ఒకసారి చెయ్యి వేశాడు. వెనక్కి వెళ్ళి ఫోన్ గూట్లో పటాల పక్కన పెట్టాడు. ఛార్జర్ ఊడదీసి, వైరు చిక్కుపడకుండా చుట్టి, తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది లోపలెట్టీ అమ్మీ" అన్నాడు.

మర్నాటి నుంచి స్నానం చేసి విభూతి పెట్టుకున్నాక ఆయనకి రెండో పని లేదు.